పుల్‌పిట్ మారుతోంది, వాక్యపఠనం ఎక్కడ?

మన ప్రాంతంలో ఏ మందిరానికి మరమ్మతులు మొదలుపెట్టినా, ఏ కొత్త మందిరం కట్టినా, సంఘ కమిటీలో ఇప్పుడు ముందుగా మాటకు వస్తున్నది పుల్‌పిట్. టేకుతో చేసి, ముందు భాగాన సిలువ చెక్కి, దాతల పేర్లతో ఇత్తడి రేకు బిగించిన పాత పుల్‌పిట్ వరండాలోకో వెనక గదిలోకో వెళ్ళిపోతోంది. దాని స్థానంలో గాజుతోనో ఆక్రిలిక్‌తోనో చేసిన స్టాండు వస్తోంది. కొన్నిచోట్ల అదీ లేదు. ఒక ఎత్తైన స్టూలు, చిన్న గుండ్రటి బల్ల, దానిమీద ట్యాబ్, వెనక గోడంతా ఎల్‌ఈడీ తెర. పుల్‌పిట్‌కు ఎదురు వైపున ఉండే లెక్టర్న్, అంటే పాఠాలు చదివే పీఠం సంగతి అడిగేవారే లేరు. అది ఎప్పుడు తీసేశారో కూడా చాలా సంఘాల్లో ఎవరికీ గుర్తు లేదు.

ఈ మార్పు మీద సంఘాల్లో వాదం జరుగుతూనే ఉంది. "మా తాతలు చేయించిన పుల్‌పిట్‌ను మూలన పడేస్తారా?" అని పెద్దలు బాధపడుతున్నారు. "అయ్యగారి ముఖం కనబడకుండా అంత పెద్ద చెక్క పెట్టె ఎందుకు?" అని యౌవనస్థులు అడుగుతున్నారు. ఒకరికి అది పరిశుద్ధ స్థలం, ఇంకొకరికి పాతకాలపు సామాను. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే ఇద్దరూ చెక్క గురించే మాట్లాడుతున్నారు.

మా ఆలోచన వేరు. చెక్క పోయి గాజు వచ్చినందువల్ల సంఘానికి వచ్చే నష్టమేమీ లేదు. ఆ చెక్కతోపాటు సంఘమంతటి ఎదుట లేఖనాన్ని బిగ్గరగా, వరసగా చదివే అలవాటు కూడా వెళ్ళిపోతోంది. అసలు నష్టం అక్కడుంది. పీఠాన్ని మార్చడం కమిటీ తీర్మానంతో అయిపోయే పని. వాక్యపఠనాన్ని మాత్రం ఏ తీర్మానమూ లేకుండానే తీసేస్తున్నాం. ఈ వారం ఆ విషయాన్నే సంఘాల ముందు ఉంచదలచుకున్నాం.

రెండు పీఠాలు, రెండు పనులు

లెక్టర్న్, పుల్‌పిట్ రెండూ లాటిన్ నుంచి వచ్చిన మాటలు. మొదటిదానికి మూలం చదవడం అనే క్రియ. రెండోదానికి మూలమైన పుల్పితుం అనే మాటకు వేదిక అని అర్థం. నటులు ఆడే రంగస్థలాన్ని కూడా రోమీయులు ఆ మాటతోనే పిలిచేవారు. కాబట్టి మందిరం స్టేజీలా మారిపోతోందని విచారించేవారు ఒకటి గమనించాలి. పుల్‌పిట్ అనే పేరులోనే స్టేజీ ఉంది. అక్కడ నిలబడినవాడు నటుడైపోయే ప్రమాదం టేకు పుల్‌పిట్‌లోనూ ఉంది, గాజు స్టాండు దగ్గరా ఉంది.

లేఖనాల్లో మనకు కనబడే మొదటి ప్రసంగ పీఠం నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో ఉంది. నీటి గుమ్మం ఎదుటి మైదానంలో జనులు ఒక్క మనుష్యునివలె కూడుకున్నారు. పురుషులు, స్త్రీలు, విని గ్రహించగలిగిన వారందరూ వచ్చారు. ఎజ్రా కర్రతో చేసిన పీఠం మీద నిలబడి తెల్లవారినప్పటినుంచి మధ్యాహ్నం వరకు ధర్మశాస్త్రం చదివాడు. ఆ పీఠాన్ని చేయించింది చదవడానికే. దానిమీద ఎజ్రా ఒంటరిగా కూడా లేడు. కుడివైపున ఆరుగురు, ఎడమవైపున ఏడుగురు నిలబడ్డారు. వారందరి పేర్లనూ గ్రంథకర్త ఒక్కొక్కటిగా రాసిపెట్టాడు. ఆ తరువాత లేవీయులు జనుల మధ్యకు వెళ్ళి అర్థం చెప్పారు. చదివినది ముందు, వివరించినది తరువాత. ఈ వరసను మనం గుర్తుంచుకోవాలి.

లూకా 4వ అధ్యాయంలోనూ అదే వరస. నజరేతు సమాజమందిరంలో ప్రభువు చదవడానికి లేచి నిలిచాడు. యెషయా గ్రంథం చేతికిచ్చారు. చదివి, గ్రంథం చుట్టి, పరిచారకునికి తిరిగి ఇచ్చి, కూర్చున్నాడు. బోధ ఆ తరువాత మొదలైంది. లేఖనం చదివేటప్పుడు నిలబడిన ప్రభువు, బోధించేటప్పుడు కూర్చున్నాడు. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయంలో హెచ్చరించుటకూ బోధించుటకూ ముందుగా చదువుటను ప్రస్తావించాడు. అది ఎవరికి వారు ఇంట్లో చదువుకొనే చదువు కాదు. పుస్తకం చేతిలో లేని సంఘానికి వినిపించే చదువు.

ఎత్తు పెరిగిన కాలం

ఆదిమ సంఘ కాలం గడిచాక, మందిరాలు పెద్దవైన కొద్దీ, చదివేవారు అందరికీ కనబడేలా, వినబడేలా మెట్లున్న ఒక వేదిక వచ్చింది. దానిని అంబో అన్నారు. అప్పట్లో అధ్యక్షులు తమ ఆసనం మీద కూర్చొని బోధించేవారు. యోహాను క్రిసోస్తము కాన్‌స్టాంటినోపుల్‌లో జనానికి బాగా వినబడాలని అంబో దగ్గరికి వచ్చి ప్రసంగించేవారని 5వ శతాబ్దపు సంఘ చరిత్రకారుడు సోక్రటీసు రాశాడు. చదవడానికి పుట్టిన వేదికను ప్రసంగం తరువాత వాడుకుంది.

మధ్యయుగాల్లో పుల్‌పిట్ శిల్పులకు పెద్ద పనిగా మారింది. ఇటలీలోని పీసా బాప్టిస్టరీలో నికోలా పిసానో 1260లో పూర్తిచేసిన పాలరాతి పుల్‌పిట్ మీద ప్రభువు జననం నుంచి అంత్యతీర్పు వరకు శిల్పాలున్నాయి. అక్షరం రానివారికి ఆ రాయే పాఠం చెప్పింది. సంఘ సంస్కరణ తరువాత ప్రొటెస్టెంటు మందిరాల్లో పుల్‌పిట్‌కు ఇంకా పెద్ద స్థానం వచ్చింది. ఇంగ్లండులో 17వ శతాబ్దం ఆరంభంలోనే ప్రతి మందిరంలోనూ తగిన పుల్‌పిట్ ఉండాలని సంఘ నియమం చేశారు. ఆ తరువాతి కాలంలో మూడంతస్తుల పుల్‌పిట్‌లు కట్టారు. కింద గుమాస్తా, మధ్యలో ప్రార్థనలూ పాఠాలూ చదివే బల్ల, అన్నిటికీ పైన ప్రసంగం. చదువు మధ్యలో, ప్రసంగం పైన. నెహెమ్యా దినాల్లోని వరస ఇక్కడ తలకిందులైంది.

ఆ ఎత్తు సువార్తను కాపాడిందా అంటే, అన్నిసార్లూ లేదు. జాన్ వెస్లీకి పుల్‌పిట్‌లు మూతపడినప్పుడు ఆయన 1739లో బ్రిస్టల్ పరిసరాల్లో బొగ్గుగని కూలీల దగ్గరికి వెళ్ళి ఆరుబయట ప్రసంగించారు. 1742లో తన సొంత ఊరు ఎప్‌వర్త్‌లో మందిరం పుల్‌పిట్ ఇవ్వకపోతే, మందిరం ఆవరణలో ఉన్న తన తండ్రి సమాధి రాయి మీద నిలబడి వాక్యం చెప్పారు. 1861లో లండన్‌లో స్పర్జన్ సంఘం మెట్రోపాలిటన్ టాబర్‌నకిల్ కట్టుకున్నప్పుడు, ఇరుకైన పెట్టెలాంటి పుల్‌పిట్ బదులు కటకటాలున్న విశాలమైన వేదిక పెట్టుకున్నారు. కాబట్టి వేదిక మీద అటూ ఇటూ నడుస్తూ ప్రసంగించడం నిన్నగాక మొన్న మనవాళ్ళు కనిపెట్టింది కాదు. అది తప్పూ కాదు.

అయితే చర్చి చరిత్రలో ఇంకో పద్ధతి కూడా ఉంది. స్కాట్లండు సంఘాల్లో కాపరి లోపలికి రాకముందు బైబిలు లోపలికి వస్తుంది. మందిర పరిచారకుడు దానిని మోసుకొచ్చి పుల్‌పిట్ మీద తెరిచి పెడతాడు. ఆ తరువాతే కాపరి మెట్లెక్కుతాడు. ఎవరికోసం ఆ పీఠం అన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు మాకు కనబడలేదు.

మన నేలమీద

మన తెలుగు సంఘాలు పుల్‌పిట్ కింద పుట్టినవి కావు. చింతచెట్ల నీడన, పేటల్లో, సంతల్లో, కాలువ గట్లమీద పుట్టాయి. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు అక్కడ పుల్‌పిట్ లేదు. డాక్టర్ క్లౌ గారికి ముందుగానే ఆ పల్లెల్లో సువార్తను మోసుకు తిరిగిన యెర్రగుంట్ల పేరయ్య గారు తోలు పనిచేసుకునే కుటుంబం నుంచి వచ్చినవారు. ఆయన పీఠం ఎవరి ఇంటి అరుగు దొరికితే అదే.

తెలుగులో సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. సంపూర్ణ బైబిలు 1854లో వచ్చింది. పుస్తకం వచ్చినంత మాత్రాన పల్లెలో అది చదవగలిగినవారు లేరు. చాలా ఊళ్ళలో ఆ రోజుల్లో ఒక్క బోధకుడికే అక్షరాలు వచ్చు. అందుకే సాయంత్రం ప్రార్థనలో ఆయన చదివితే జనం విని, తిరిగి చెప్పి, కంఠస్థం చేసేవారు. పది ఆజ్ఞలు, కీర్తనలు, ప్రభువు ఉపమానాలు మన నాయనమ్మలకు చెవిద్వారానే వచ్చాయి. వారికి వాక్యపఠనం ఆరాధనలో ఒక అంశం మాత్రమే కాదు, వారికి దొరికిన బైబిలే అది.

ఇంకో సంగతి కూడా మరవకూడదు. మన సంఘాల్లో అత్యధికులు మాల, మాదిగ పేటల నుంచి వచ్చినవారు. బావి దగ్గరికి రానివ్వని, గుడి గడప తొక్కనివ్వని, గ్రంథం చెవిన పడనివ్వని సమాజంలో వారు బతికారు. అటువంటి చోట ఒక కూలివాని కొడుకు, ఒక కూలిదాని కూతురు ప్రార్థనా మందిరంలో లేచి నిలబడి దేవుని గ్రంథాన్ని బిగ్గరగా చదివారు. ఊరు నోరు మూయించినవారికి మందిరం నోరిచ్చింది. ఆ నోటికి స్థలమిచ్చింది లెక్టర్న్. పల్లె మందిరాల్లో అది తెల్లని గుడ్డ పరిచిన ఒక చిన్న బల్ల మాత్రమే కావచ్చు. అయినా దాని విలువ ఏ పాలరాతి పుల్‌పిట్‌కూ తక్కువ కాదు. ఈనాడు ఆ బల్లను అవసరం లేదని పక్కకు జరిపేటప్పుడు మనం జరుపుతున్నది ఏమిటో తెలిసి జరపాలి.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తరువాత తయారైన ప్రభు సంస్కార క్రమంలో ఈ సంగతికి మంచి స్థానం దొరికింది. ఆరాధన ఆరంభంలో బైబిలును మోసుకొస్తారు. పాత నిబంధన, పత్రిక, సువార్త అని మూడు పాఠాలుంటాయి. కతోలిక సంఘం కూడా రెండో వాటికన్ మహాసభ తరువాత విశ్వాసులకు లేఖన పఠనాన్ని విస్తారంగా వినిపించే మార్గం తెరిచింది. పాఠాలు చదివే అంబో ఎటుపడితే అటు జరిపే స్టాండులా కాక స్థిరంగా ఉండాలని ఆ సంఘ నియమావళి చెబుతుంది. వాక్య పరిచర్య చేసేవారు మాత్రమే అక్కడికి ఎక్కాలని కూడా చెబుతుంది. ఈ క్రమాలు పాటించే సంఘాలూ, పాటించని సంఘాలూ మన మధ్య ఉన్నాయి. ఏ శాఖవారమైనా ఈ పద్ధతుల వెనక ఉన్న బుద్ధిని నేర్చుకోవచ్చు.

ఇప్పుడు ఎందుకు మారుతోంది?

మార్పుకు కారణాలు లేకపోలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మందిరాల తలుపులు మూసినప్పుడు ఆరాధన ఫోన్లలోకి వెళ్ళింది. చిన్న సంఘాలు కూడా కెమెరా, లైట్లు, మిక్సర్ కొనుక్కున్నాయి. తలుపులు తెరిచాక జనం తిరిగి వచ్చారు, కెమెరా మాత్రం వెళ్ళలేదు. కెమెరాకు పెద్ద చెక్క పుల్‌పిట్ అడ్డం. బోధకుని ఛాతీ వరకే కనబడుతుంది. లైటు చెక్కమీద పడి నీడలు వస్తాయి. అందుకే గాజు స్టాండు. మందిరంలో కూర్చున్నవారి కోసం వేసిన పీఠం, ఇప్పుడు మందిరంలో లేనివారి కోసం మారుతోంది.

రెండో కారణం స్థలం. హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడల్లో ఫంక్షన్ హాళ్ళలోనూ, ఇళ్ళ పై అంతస్తుల్లోనూ కూడుకొనే సంఘాలు ఎన్నో ఉన్నాయి. గల్ఫ్ దేశాల్లో మన తెలుగు సంఘాలకు దొరికేది అనేక భాషలవారు గంటల లెక్కన పంచుకొనే హాలు. అమెరికాలో అద్దెకు తీసుకున్న బడి ఆవరణ. అటువంటి చోట మడిచి కారులో పెట్టుకొనే స్టాండే దిక్కు. వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ప్రత్యక్ష గుడారం కూడా విప్పి మోసుకెళ్ళేదే.

మూడో కారణం అందరికీ తెలిసిందే, అంతగా ఎవరూ పైకి అననిది. పక్క సంఘంలో పెట్టారు కనుక మనమూ పెట్టాలి.

ఈ కొత్త ఏర్పాట్లలో మేలు లేదని మేము అనము. బోధకుడు, సంఘం ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మంచిదే. పొట్టిగా ఉన్న సహోదరి నిలబడితే తల మాత్రమే కనబడే పాత పుల్‌పిట్ నిజంగానే ఇబ్బంది. చెవులు సరిగా వినబడని పెద్దవారికి తెరమీద పెద్ద అక్షరాలు ఎంతో సహాయం. మెట్లు ఎక్కలేని కాపరులు ఉన్నారు. వీటన్నిటినీ ఆలోచించి చేసిన మార్పు ప్రేమతో చేసిన మార్పే.

పోతున్నది ఏమిటి?

అయితే ఈ ఆదివారం మీ మందిరంలో ఒక చిన్న పని చేయండి. గడియారం దగ్గర పెట్టుకొని, లేఖనం చదవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. ప్రకటనలకు ఎన్ని నిమిషాలు, అతిథుల పరిచయానికీ శాలువాలకూ ఎన్ని నిమిషాలు, పుట్టినరోజుల, పెండ్లిరోజుల పేర్లకు ఎన్ని నిమిషాలు, అదీ చూడండి. ఎవరినీ నిందించడానికి కాదు. లెక్క కమిటీ ముందు పెట్టడానికి.

చాలా చోట్ల ఇప్పుడు జరుగుతున్నది ఇది. పాత నిబంధన పాఠం పోయింది. కీర్తనలు వంతుల వారీగా చదివే అలవాటు పోయింది. ప్రసంగానికి ముందు బోధకుడు ఒకటి రెండు వచనాలు చదువుతాడు. అవీ ఎవరి ఫోన్‌లో వారు చూసుకోవాలి, లేదా తెరమీద వస్తాయి. తెరమీద ఒక వచనం వస్తుంది, పోతుంది. దాని ముందు వచనం ఏమిటో, తరువాత వచనం ఏమిటో సంఘానికి కనబడదు. వాగ్దానం కనబడుతుంది, ఆ వాగ్దానానికి ముందున్న షరతు కనబడదు. ఆశీర్వాదం కనబడుతుంది, ఆ ప్రవక్త దానికి ముందు పేదల విషయమై చేసిన గద్దింపు కనబడదు. అధ్యాయమంతా వరసగా వినిపిస్తే బోధకుడు దాటవేయాలనుకున్న వచనం కూడా సంఘం చెవిన పడుతుంది. అందుకే సంఘానికి వాక్యపఠనం ఒక భద్రత, బోధకునికి అది ఒక కళ్ళెం. బెరయవారు పౌలు చెప్పినదానిని లేఖనాలతో సరిచూసుకున్నారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చెబుతుంది. లేఖనం వినని సంఘం దేనితో సరిచూసుకుంటుంది?

దీనితోపాటు చదివేవారు కూడా పోయారు. లెక్టర్న్ ఉన్న రోజుల్లో ఒక ఆదివారం బడిపంతులు చదివేవారు, ఒక ఆదివారం స్త్రీల సమాజం నుంచి ఒక తల్లి, ఒక ఆదివారం పదో తరగతి అమ్మాయి. తడబడేవారు. "నెబుకద్నెజరు" దగ్గర ఆగిపోయేవారు. అయినా సంఘం ఓపికగా వినేది. ఆ పిల్లల్లోనుంచే ఉపాధ్యాయులు, కాపరులు లేచారు. ఇప్పుడు చదివేది, ప్రసంగించేది, ప్రార్థించేది, ప్రకటనలు చేసేది ఒకే మైకులో ఒకే గొంతు. ఎజ్రాకు కుడివైపు ఆరుగురు, ఎడమవైపు ఏడుగురు ఉన్నారన్న సంగతి ఇక్కడ మళ్ళీ గుర్తుచేసుకోవాలి.

ఆ పీఠం ఎవరికి?

పీఠం ఎవరి పని కోసమో మరిచిపోయినప్పుడు, దానిమీదికి ఎవరైనా ఎక్కవచ్చునన్న స్థితి వస్తుంది. ఎన్నికల కాలంలో, క్రిస్మస్ కాలంలో మన మందిరాల్లో ఏమి జరుగుతోందో చదువరులకు మేము చెప్పనక్కరలేదు. నాయకులు ఆరాధనకు రావచ్చు, సంతోషంగా ఆహ్వానించాలి. వారి కోసం ప్రార్థించడం లేఖనం మనకు అప్పగించిన బాధ్యత. అయితే వారికి బెంచీమీద స్థలం ఉంది, పుల్‌పిట్‌లో లేదు. మందిరాలను, మసీదులను, దేవాలయాలను ఎన్నికల ప్రచార వేదికలుగా వాడకూడదని ఎన్నికల ప్రవర్తనా నియమావళి చెబుతోంది. మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం 1988లోనే వచ్చింది. మత సంస్థ ఆవరణను రాజకీయ కార్యకలాపాలకు వాడినా, వాడనిచ్చినా ఆ చట్టం కింద నిర్వాహకులకు ఐదేళ్ళ వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. చట్టం భయం సంగతి పక్కన పెట్టినా, ఒక పార్టీ నాయకుడు ఎక్కి దిగిన పీఠం మీదనుంచి మరుసటి ఆదివారం కాపరి న్యాయం గురించి మాట్లాడితే, అవతలి పార్టీకి ఓటేసే విశ్వాసి ఏ మనసుతో వింటాడు?

బయటివారి సంగతి సరే, లోపలివారి సంగతి కూడా ఉంది. కమిటీ ఎన్నికల్లో తనకు ఎదురు నిలిచినవారికి పుల్‌పిట్ మీదనుంచి జవాబు చెప్పే కాపరులు ఉన్నారు. విన్నవారు తిరిగి మాట్లాడే వీలు లేని ఏకైక స్థలం అది. అక్కడ నిలబడి సొంత లెక్కలు తీర్చుకోవడం, చేతులు కట్టేసినవాడిని కొట్టడంతో సమానం.

ఇక మన సహోదరీల సంగతి. 2013 సెప్టెంబరులో ఇ. పుష్పలలిత గారు నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్‌గా అభిషేకం పొందారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి స్త్రీ ఆమె. అది మన రాయలసీమలో జరిగింది. అయినా ఇప్పటికీ కొన్ని మందిరాల్లో స్త్రీలు సాక్ష్యం చెప్పాలన్నా, పాఠం చదవాలన్నా కింద నిలబడి ఒక చేతిమైకుతో చదవాలి. పైకి ఎక్కకూడదు. స్త్రీల పరిచర్య విషయంలో సంఘ శాఖల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయని మాకు తెలుసు. ఆ చర్చను ఇక్కడ తేల్చబోవడం లేదు. కానీ నీటి గుమ్మం దగ్గర స్త్రీలు కూడా కూడుకున్నారు. దేవుని వాక్యాన్ని చదివి వినిపించడానికి ఒక స్త్రీకి రెండు మెట్లు అడ్డమైతే, ఆ మెట్లు ఎవరు వేశారో అడగాలి. వాక్యం మాత్రం వేయలేదు.

కమిటీలకు మా మనవి

పుల్‌పిట్ మార్చాలని తీర్మానించే సంఘాలకు కొన్ని మాటలు చెప్పదలిచాం.

ముందుగా, ఏ రకం పీఠం అన్నది తేల్చుకొనే ముందు, వాక్యం ఎక్కడనుంచి, ఎవరు చదువుతారు అన్నది తేల్చుకోండి. మందిరంలో రెండు పీఠాలకు స్థలం ఉంటే ఒకదానిని పఠనానికే ఉంచండి. స్థలం లేకపోతే ఒకే పీఠం చాలు, కానీ దానిమీద తెరిచిన బైబిలు ఎప్పుడూ ఉండాలి. ప్రకటనలు, సన్మానాలు, కానుకల పద్దులు ఇంకోచోటనుంచి చేయండి. దీనికి ఖర్చేమీ లేదు.

రెండోది, అక్కడ నిలబడబోయేవారి కొలతలతో చేయించండి. మూడున్నర నుంచి నాలుగు అడుగుల ఎత్తు చాలామందికి సరిపోతుంది. పిల్లల కోసం పక్కన ఒక చిన్న పీట ఉంచండి. పుస్తకం జారిపోకుండా కింద అంచు, పేజీమీద వెలుగు, నోటికి అడ్డం రాని మైకు ఉండాలి. చక్రాల కుర్చీలో వచ్చేవారు కూడా చదవగలిగేలా మెట్ల పక్కన వాలుదారి వేయండి. అది కుదరకపోతే పీఠాన్నే కిందికి దించండి. వాక్యానికి ఘనత ఎత్తువల్ల రాదు.

మూడోది, చదివేవారి పట్టిక తయారుచేయండి. పురుషులు, స్త్రీలు, యౌవనస్థులు అందరూ అందులో ఉండాలి. ఏ పేట, ఏ కులం అన్న లెక్క లేకుండా ఉండాలి. పాఠం ఏమిటో వారికి బుధవారంలోగా తెలియజేయండి. శనివారం ఒకసారి బిగ్గరగా చదివి చూసుకోమనండి. పేర్లు ఎలా పలకాలో, ఎక్కడ ఆగాలో కాపరి నేర్పాలి. చదువు రానివారు సంఘంలో ఉంటే, కంఠస్థం చేసి చెప్పే అవకాశం వారికి ఇవ్వండి. మన పితరులు అలాగే చెప్పారు.

నాలుగోది, పాత పుల్‌పిట్‌ను పాత సామానువాడికి వేయకండి. దానిమీది పేర్లు ఎవరో ఒకరి కన్నీటి కానుకలు. పట్టణ సంఘానికి పెద్దదైనది, పుల్‌పిట్ లేని పల్లె సంఘానికి సరిపోవచ్చు. లేదా మంచి వడ్రంగి చేతిలో అదే చెక్క పఠన పీఠంగా మారవచ్చు. చెదలు పట్టకముందే ఆ సంగతి ఆలోచించండి. దాత కుటుంబాన్ని పిలిచి, వారి సమక్షంలో చేయండి. సంఘంలో సగం గొడవలు అక్కడే సమసిపోతాయి.

చివరిది, డబ్బు. పైకప్పు కారుతున్న మందిరంలో, బోధకుని జీతం నెలల తరబడి బాకీ ఉన్న సంఘంలో, గాజు స్టాండుకూ తెరకూ ప్రత్యేక కానుకలు ఎత్తడం న్యాయం కాదు. ఉన్న బల్లమీద ఉతికిన గుడ్డ పరిచి, దానిమీద పరిశుద్ధ గ్రంథం తెరిచి పెట్టండి. ప్రస్తుతానికి అది చాలు.

నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా పీఠం గురించి ఉన్నది ఒక్క మాటే, అది కర్రతో చేసినదని. ఆ రోజు జరిగిన మిగతా సంగతులను మాత్రం గ్రంథకర్త వివరంగా రాశాడు. జనులు నిలబడ్డారు, చేతులెత్తారు, ఏడ్చారు. దుఃఖపడవద్దని వారికి చెప్పారు. తమకు చదివి వినిపించిన మాటలు గ్రహించినందువల్ల వారు ఇళ్ళకు వెళ్ళి తిని త్రాగి, ఏమీ సిద్ధం చేసుకోలేని వారికి కూడా భాగాలు పంపించారు. ఆ ఉదయం పీఠం మీద చదివిన వాక్యం ఆ సాయంత్రానికి లేనివాని ఇంట్లో అన్నంగా చేరింది. మన పీఠాలు టేకువైనా గాజువైనా, వచ్చే ఆదివారం వాటిమీదనుంచి ఒక అధ్యాయమంతా, ఆగకుండా, స్పష్టంగా చదివి వినిపించండి. ఆ రోజు మధ్యాహ్నం ఎవరి ఇంటికి భాగం పంపాలో కూడా ఆలోచించండి.